కడలి మీదికి కబురు

ఇచ్ఛాపురము మొదలు భోగాపురము వరకు శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల తూర్పు అంచును సముద్రము కడుగుచున్నది. శ్రీకాకుళము జిల్లాకు సుమారు 190 కిలోమీటర్ల తీరము కలదు. విజయనగరము జిల్లాకు 30 కిలోమీటర్లకు లోపుగా చిన్న తీరము కలదు. బారువ, భావనపాడు, కళింగపట్నము, బందరువానిపేట, బుడగట్లపాలెము, కోనాడ, చింతపల్లి, ముక్కాము మొదలగు ఊళ్లనుండి ప్రతి దినము తెల్లవారుజామున జాలరులు తెప్పలను, మోటారు పడవలను నీటిలోనికి నెట్టి బయలుదేరుచుందురు. ఒడ్డు కనుమరుగైన తరువాత వాతావరణము మారినచో, ఒడ్డున ఉన్నవారికి తెలిసిన వార్త ఆ పడవలోని మనిషికి తెలియుటెట్లు?

ఈ ప్రశ్నకు నూట డెబ్బది ఏండ్లకు పైగా ఎన్నో సమాధానములు వచ్చినవి. దీపము, కంబము, తంతి, రేడియో, ఉపగ్రహము, అరచేతిలో ఇముడు చిన్న కంప్యూటరు వరుసగా వచ్చి చేరినవి. ఈ చరిత్రను చదువునప్పుడు మా దృష్టికి వచ్చిన సంగతి యొకటి కలదు. కొత్త పరికరమును కనిపెట్టుట ఒక పని. అంతకుముందే నడుచుచున్న ఏర్పాటులో దానిని చేర్చుట వేరొక పని. మొదటి పనిని గూర్చి పత్రికలు వ్రాయును. రెండవ పనిని గూర్చి వ్రాయువారు అరుదు. కాని పడవకు కబురు అందుట, అందకపోవుట ఆ రెండవ పనిమీదనే ఆధారపడియున్నది. ఈ ప్రసంగమున మేము ముఖ్యముగా చెప్పదలచినది దానిని గూర్చియే.

మన తీరమున మొదటి సమాధానము దీపము. చింతపల్లి చెంత సముద్రములో దాగియున్న రాళ్లకు ఆంగ్ల నావికుల పటములలో శాంటపిల్లి రాళ్లు అని పేరు. భీమునిపట్నమునకు పోవు ఓడలు వానిపైకి పోకుండుటకై ఒడ్డునున్న గుట్టమీద 1847లో దీపస్తంభము నిర్మించిరి. నావికునికి అది గొప్ప మేలు. అయితే దీపము చెప్పగలిగినది ఒక్క మాటయే: ఇచట రాయి ఉన్నది, తొలగి పొమ్ము. రేపు రాబోవు గాలిని గూర్చి అది చెప్పజాలదు.

గాలిని గూర్చి చెప్పు ఏర్పాటు రెండు ఘోరవిపత్తుల తరువాత గాని రాలేదు. 1864 అక్టోబరు 5న కలకత్తాను పెనుతుఫాను ముంచెత్తెను. నెల తిరుగకముందే, నవంబరు 1న, మన మచిలీపట్నముమీద ఉప్పెన పడి సుమారు ముప్పది వేలమందిని పొట్టన బెట్టుకొనెను. మరుసటి యేడు, 1865లో, కలకత్తా రేవునకు తుఫాను హెచ్చరికలు పంపు పద్ధతి మొదలయ్యెను. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడెను. పిమ్మట తంతి ద్వారా వార్త రేవులకు చేరుట, రేవు అధికారి కంబముమీద గుర్తులు ఎత్తుట అలవాటైనది. పగలు శంకువులు, పీపాలవంటి ఆకారములు. రాత్రి ఎఱ్ఱని, తెల్లని దీపములు. కళింగపట్నము, భీమునిపట్నము రేవులలో ఇన్నవ నంబరు ప్రమాదసూచిక ఎగురవేసినారని మన ఇండ్లలో పెద్దలు చెప్పుకొను మాటకు మూలమిదియే.

ఈ సూచికలు ఒకటి మొదలు పదునొకండు వరకు కలవు. మొదటి రెండు దూరమున తుఫాను పుట్టినదని చెప్పును. మూడు, నాలుగు రేవునకే చెడ్డ వాతావరణము రావచ్చునని చెప్పును. అయిదు మొదలు ఏడు వరకు ప్రమాదమును, ఎనిమిది మొదలు పది వరకు మహాప్రమాదమును తెలుపును. వీనిలో మిక్కిలి ఆలోచనతో చేర్చినది పదునొకండవది. అది గాలిని గూర్చిన లెక్క కాదు. హెచ్చరిక కేంద్రముతో వార్తాసంబంధము తెగిపోయినది, స్థానికాధికారి తన బుద్ధినిబట్టి ప్రమాదమున్నదని తలచుచున్నాడు, అని దాని అర్థము. తంతి తీగ తెగినను కంబము మూగవోరాదని ఆ పద్ధతిని కల్పించినవారు ముందే ఊహించిరి. ఏ యంత్రాంగమైనను తనలోని ఒక భాగము పనిచేయనప్పుడు ఏమి చేయవలెనో ముందుగా నిర్ణయించుకొనవలెనను సూత్రమునకు ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకదు.

కాని కంబము ఒడ్డుననే ఉండును. దానిని చూడవలెనన్న పడవ దగ్గరకు రావలెను. ఆ కొరతను తీర్చినది రేడియో. 1938 జూన్ 16న మద్రాసు కేంద్రము, 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము, 1963 ఆగస్టు 4న విశాఖపట్నము కేంద్రము ప్రసారములు ప్రారంభించినవి. మీడియం వేవ్ ప్రసారము నేలమీదకంటె ఉప్పునీటిమీద మరింత దూరము పోవును. ఉప్పునీరు విద్యుత్తును బాగుగా పారనిచ్చుటయే దీనికి కారణము. ట్రాన్సిస్టరు సెట్లు వచ్చిన తరువాత, బ్యాటరీలతో పనిచేయు చిన్న పెట్టె పడవలోనికి కూడ ఎక్కెను. జాలరులకు హెచ్చరిక అని వార్తల చివర చదువు రెండు వాక్యములు సముద్రముమీద వినబడసాగినవి.

ఇచట గమనింపదగిన విషయమొకటి కలదు. రేడియో వచ్చినదని కంబమును దింపివేయలేదు, తంతిని తెంపివేయలేదు. హెచ్చరికను తయారుచేయు పద్ధతియు మారలేదు. అదే నంబరు, అదే మాట. దానిని చేరవేయు సాధనము మాత్రము ఒకటి పెరిగెను. రేడియోకు మాత్రము ఒక కొరత మిగిలెను. వార్తల వేళకు పెట్టె తెరచియుండినగాని వినబడదు. ఒక్క తీరమునకే చెందిన కబురును ఆ తీరమును మాత్రమే మేలుకొలిపి చెప్పుట దానికి సాధ్యము కాదు.

విశాఖపట్నమున తుఫాను హెచ్చరిక కేంద్రము 1974లో ఏర్పడెను. మూడేండ్లకు, 1977 నవంబరు 19న, దివిసీమ ఉప్పెన వేలమంది ప్రాణములు తీసెను. వార్త తయారగుట వేరు, అది గుడిసె తలుపు తట్టుట వేరు అని ఆ రాత్రి దేశమునకు తెలిసివచ్చినది. 1983 ఆగస్టు 30న ఇన్సాట్-1బి ఉపగ్రహము ఎగిరిన తరువాత, దాని ద్వారా హెచ్చరికలను అందుకొను పెట్టెలను తీరప్రాంతపు కార్యాలయములలో నెలకొల్పసాగిరి. ప్రతి పెట్టెకు ఒక సంకేతసంఖ్య ఉండును. తన సంఖ్యను పిలిచినప్పుడు మాత్రమే ఆ పెట్టె మేల్కొని, పెద్దగా కూతపెట్టి, ఆ ప్రాంతపు భాషలో హెచ్చరికను వినిపించును. ఎవరో వచ్చి మీట నొక్కవలసిన పని లేదు.

ఈ పెట్టెతో కథ ఒక మలుపు తిరిగినది. కొయ్యకంబమునకు లెక్క రానక్కరలేదు. తన సంఖ్య ఏదో, పక్కవాని సంఖ్య ఏదో గుర్తింపవలసిన పెట్టెకు మాత్రము లోపల కొంత లెక్క కావలెను. నాటినుండి హెచ్చరికలను మోయు పరికరములలోనికి క్రమముగా చిన్న కంప్యూటరు ప్రవేశించెను. కనుక ఆ కంప్యూటరు ఎట్టిది, కొత్తది వచ్చినప్పుడు దానిని ఎట్లు పనిలోనికి తెచ్చెదరు అను సంగతిని కొంచెము వివరింపవలసియున్నది.

నేడు టి.వి. పక్కన పెట్టుకొను పెట్టెను గాని, ఇంటర్నెట్టు కొఱకు గోడకు తగిలించు రౌటరును గాని విప్పి చూచినచో లోపల ఆకుపచ్చని పలక యొకటి కనిపించును. దానినే బోర్డు అందురు. దానిపైన లెక్కలు చేయు ప్రాసెసరు, జ్ఞాపకముంచుకొను చిప్పులు, కాలమును కొలుచు స్ఫటికము, విద్యుత్తును పంచు భాగములు, బయటి తీగలు తగులుకొను గూళ్లు ఉండును. బల్లమీది కంప్యూటరువలె ఇది అన్ని పనులు చేయదు. తాను ఇమిడియున్న పరికరపు పనిని మాత్రము చేయును. ఈ పలకకు పుట్టుకతో ఏ విద్యయు రాదు. ప్రోగ్రాము ఎక్కించువరకు అది గాజుపీచు, రాగి, సిలికాను మాత్రమే.

తొలి రోజులలో ఒక యంత్రమునకు వ్రాసిన ప్రోగ్రాము ఆ యంత్రముతోనే పుట్టి ఆ యంత్రముతోనే గతించుచుండెను. హైదరాబాదులో 1967లో స్థాపించిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ 1969లో టి.డి.సి.-12 అను కంప్యూటరును వెలువరించెను. ఆ కాలపు యంత్రములన్నియు అట్లే తమ తమ భాషలలో మాటలాడుకొనుచుండెను. అదే 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో యునిక్స్ అను నిర్వాహక వ్యవస్థ మొదలయ్యెను. 1973లో దానిని సి అను భాషలోనికి తిరుగవ్రాసిరి. 1977, 1978 సంవత్సరములలో దానిని పుట్టిన యంత్రముతో పోలిక లేని ఇంటర్‌డేటా యంత్రములమీదికి తరలించిరి. ప్రోగ్రాములో అధికభాగమును ఉన్నదున్నట్లుంచి, యంత్రమునకు సంబంధించిన కొద్దిభాగమును మాత్రము మార్చిన చాలునని దానివలన రుజువైనది. 1991లో పుట్టిన లినక్సు ఈ మార్గముననే నడచి నేడు లెక్కలేనన్ని పలకలమీద పనిచేయుచున్నది.

పలకలు పెరిగినకొలది, వానికి కావలసిన ప్రోగ్రాములను చేతితో కూర్చుట అసాధ్యమయ్యెను. అందుకై బిల్డ్ సిస్టమ్ అను కూర్పు యంత్రాంగములు వచ్చినవి. బిల్డ్‌రూట్ 2001లోను, ఓపెన్‌ఎంబెడెడ్ 2003లోను, యోక్టో 2010లోను వచ్చినవి. వీనిని పెద్ద సత్రపు వంటశాలతో పోల్చవచ్చును. ఏ వంటకమునకు ఏ సరుకు, ఎంత, ఏ వరుసలో అని చీటీలు సిద్ధముగ ఉండును. యోక్టోలో ఆ చీటీలను వంటకపు చీటీలు అను అర్థము వచ్చు మాటతోనే ఇంజనీర్లు పిలుచుచున్నారు. వచ్చిన అతిథి యెవరో చెప్పినచో వంటశాల తనంత తానే సరుకు తెప్పించి, వండి, విస్తరి సిద్ధము చేయును. ఇందు అతిథి పలక. విస్తరి దానిలోనికి ఎక్కింపవలసిన ప్రోగ్రాముల మూట.

కొత్త అతిథి వచ్చినప్పుడు ఏమి చేయవలెను? మొదట ఆ పలకలోని ప్రాసెసరు ఏ వంశమునకు చెందినదో చూచి, దాని భాషలోనికి అనువదించు కంపైలరును ఎన్నుకొందురు. పలక చిన్నది గనుక తన వంట తాను చేసికొనలేదు. పెద్ద కంప్యూటరుమీద వండి దానికి పంపవలెను. రెండవది మేలుకొలుపు ప్రోగ్రాము. విద్యుత్తు తగిలిన క్షణమున మొదట నడుచునది అదియే. జ్ఞాపకశక్తి చిప్పులను సరియైన లయలో మేలుకొలుపుట దాని మొదటి ధర్మము. ఆ లయ కొంచెము తప్పినను పలక మాటలాడదు. ఎందుకు మాటలాడలేదో కూడ చెప్పదు. కావున ఇంజనీరు రెండు మూడు సన్నని తీగలను సీరియల్ గూటికి తగిలించి, తన తెరమీద ఒక్క అక్షరమైన కనిపించునా అని ఎదురుచూచును. చదువదగిన మొదటి పంక్తి కనబడినచో సగము పని అయినట్లే.

పిమ్మట పలకమీది భాగముల పట్టిక వ్రాయవలెను. ఏ భాగము ఏ చిరునామాలో ఉన్నది, ఏ తీగ దేనిని పిలుచును, ఏ గడియారము దేనిని నడుపును అను వివరమంతయు అందుండవలెను. ఆ భాగములను నడుపు డ్రైవర్లలో ముందే ఉన్నవానిని తీసికొందురు. లేనివానిని మాత్రమే కొత్తగా వ్రాయుదురు. చివరకు ఈ పలకకు ఒక పేరు పెట్టి, దానికి కావలసిన ఎంపికలన్నిటిని చిన్న పత్రములో వ్రాసి వ్యవస్థలో చేర్చుదురు. అటుపైన, ఆ పలకను చేర్చినవాని ముఖమెఱుగని మనిషి, వేరొక దేశమున కూర్చుండి, ఆ పేరును పలికిన చాలు. అదే మూట మరల తయారగును. ఒకని నేర్పు పదిమంది సొత్తగుట ఇచటనే జరుగుచున్నది.

ఈ పట్టికను ఎచట వ్రాయవలెనను విషయమున ఒక పెద్ద చర్చ జరిగినది. ఆర్మ్ వంశపు ప్రాసెసర్లుగల పలకలకు మొదట ఒక్కొక్క పలక వివరమును లినక్సు ప్రోగ్రాములోపలనే వ్రాయుచుండిరి. పలకలు వందలకొలది కాగా ప్రోగ్రాము వివరముల క్రింద మునిగిపోసాగెను. 2011లో లినక్సు కర్త లైనస్ టోర్వాల్డ్స్ దీనిని గట్టిగా ఆక్షేపించెను. అప్పుడు ఇంజనీర్లు 1990ల దశకమున ఓపెన్ ఫర్మ్‌వేర్ అను ప్రమాణములో వాడుకకు వచ్చి, పవర్‌పిసి యంత్రములలో అప్పటికే నడుచుచున్న పద్ధతియొకదానిని ఆర్మ్ పలకలకు కూడ చేపట్టిరి. దాని పేరు డివైస్ ట్రీ. పలక వివరమును ప్రోగ్రాములో కలుపక వేరొక పత్రముగా వ్రాయుట ఇందలి సారము. ప్రోగ్రాము సామాన్యము, పత్రము విశేషము. కొత్త పలక వచ్చినప్పుడు పత్రము మారును. ప్రోగ్రాము చాలవరకు మారదు.

ఇంకను రెండు కట్టుబాట్లు కలవు. కొత్త పలకను చేర్చినందువలన పాత పలకలలో ఒక్కటియు చెడరాదు. అందుచే ప్రతి చేర్పు తరువాత పాతవానిని కూడ మరల కూర్చి చూతురు. రెండవది, చేర్చిన పలకకు ఒకరు పూచీదారుగా ఉండవలెను. బిల్డ్‌రూట్‌లో ఆ పేర్ల జాబితాయే కలదు. చూచువారు లేని పలకను కొంతకాలము వేచి తీసివేయుదురు. పూచీదారులున్నచో తయారీదారు విడిచిన పలకలు కూడ బ్రదుకును. 2003లో ఒక ప్రసిద్ధమైన ఇంటి రౌటరులోని ప్రోగ్రాము మూలము బయటకు వచ్చెను. దాని ఆధారముతో 2004లో ఓపెన్ డబ్ల్యు.ఆర్.టి. అను వ్యవస్థ ఆరంభమై, కంపెనీలు చేతులు కడుగుకొన్న ఎన్నో రౌటర్లను అనేక సంవత్సరములు పనిచేయించెను.

ఉన్నదానిని చెడగొట్టరాదు, కొత్తదాని వివరమును వేరుగా వ్రాసియుంచవలెను, దానికి ఒకరు పూచీపడవలెను. ఈ మూడు నియమములను మనసున ఉంచుకొని మరల మన సముద్రమునకు పోవుదము.

హైదరాబాదులో 1999లో ఇన్‌కాయిస్ అను భారత జాతీయ సముద్ర సమాచార సేవాకేంద్రము ఏర్పడెను. చేపలు దొరకు తావులను, అలల ఎత్తును, గాలివేగమును లెక్కించి జాలరులకు తెలుపుట దాని పనులలో ముఖ్యమైనది. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత, 2007లో సునామీ హెచ్చరిక కేంద్రమును కూడ అచటనే నెలకొల్పిరి. సమాచారము ఇట్లు పుష్కలమయ్యెను. కాని తీరమునుండి పది, పండ్రెండు కిలోమీటర్లు దాటినచో సెల్‌ఫోనుకు సంకేతము అందదు. లోతునీటి చేపలకై పోవువారు అంతకు ఎన్నో రెట్లు దూరము పోయి, దినములతరబడి అచటనే ఉందురు. 2017 నవంబరు చివర కేరళ, తమిళనాడు తీరములలో ఓఖీ తుఫాను లేచినప్పుడు అనేకులైన జాలరులు అప్పటికే సముద్రముమీద ఉండిరి. వందలకొలది మనుష్యులు తిరిగిరాలేదు. కేంద్రములో సమాచారముండియు పడవకు అది అందకపోవుట ఎంత దారుణమో మరొకమారు కనబడెను.

ఈ కొరత తీర్చుటకు కొత్త ఉపగ్రహము పంపవలెనన్న ఏండ్లు పట్టును. ఇంజనీర్లు అప్పటికే ఆకాశమున ఉన్న మరియొక ఏర్పాటును చూచిరి. విమానములకు దారిచూపుటకై ఇస్రో, విమానాశ్రయముల ప్రాధికార సంస్థ కలిసి గగన్ అను వ్యవస్థను నిర్మించినవి. జి.పి.ఎస్. చెప్పు స్థానములోని తప్పులను సవరించు సందేశములను అది ఉపగ్రహముల ద్వారా దేశమంతటిమీదను కురిపించుచుండును. ఆ సందేశము సెకనుకు 250 బిట్లు మాత్రమే. అనగా మిక్కిలి సన్నని ధార. విమానములకు చేయు సేవకు లోపము రానీయక, ఆ ధారలోనే సముద్రపు కబురును కూడ పంపిరి. దానిని పట్టుకొను చిన్న పరికరమునకు జెమిని అని పేరుపెట్టి 2019 అక్టోబరు 9న విడుదల చేసిరి.

జెమిని పరికరము ఉపగ్రహమునుండి సంకేతమును పట్టి, బ్లూటూత్ ద్వారా జాలరి జేబులోని ఫోనుకు అందించును. ఫోనులోని ప్రోగ్రాము ఆ సంకేతమును విప్పి, తొమ్మిది ప్రాంతీయ భాషలలో చూపును. సన్నని ధారలో పొడుగు మాటలు పట్టవు గనుక, పంపవలసినదానిని కుదించి పంపుట, విప్పి చదువు భారమును ఫోనుకు అప్పగించుట ఇందలి నేర్పు. ఇన్‌కాయిస్ లెక్కలు మారలేదు. గగన్ ఉపగ్రహములు మారలేదు. ఫోను కొత్తది కాదు. నడుమ ఒక పలక మాత్రము కొత్తగా చేరినది. పైన చెప్పిన మొదటి నియమమును ఇంత చక్కగా పాటించిన పని మరియొకటి కానరాదు.

అయినను జెమినికి రెండు కొరతలు ఉండెను. ఒకటి వెల, మొదట దాని ఖరీదు సుమారు 9,000 రూపాయలు. చిన్న పడవగలవానికి అది తక్కువ మొత్తము కాదు. రెండవది, అది వినిపించునే గాని వినదు. పడవ మునుగుచున్నదని చెప్పుటకు దానిలో దారి లేదు. ఆ దారిని వేరొక పరికరము చూపుచుండెను. ఆపదలో మీట నొక్కినచో ఉపగ్రహము ద్వారా మొరపెట్టు యంత్రమును ఇస్రో 2010 నుండి నడుపుచున్నది. ఆ మొర బెంగుళూరులోని నియంత్రణ కేంద్రమునకు, అచటినుండి తీరరక్షక దళమునకు చేరును. కాని మొర విన్నారో లేదో పడవలోనివానికి తెలియు ఉపాయము చాలకాలము లేకపోయెను. చీకటిలో, వానలో, మీట నొక్కి కూర్చున్నవానికి ఆ మౌనము ఎంత భయంకరమో చెప్పనక్కరలేదు. 2024 జనవరిలో వాడుకకు వచ్చిన రెండవ తరపు యంత్రములో నావిక్ ఉపగ్రహముల సంకేతమును అందుకొను భాగమును చేర్చిరి. మొర అందినది, సహాయము వచ్చుచున్నది అను ప్రత్యుత్తరము ఇప్పుడు పడవకు తిరిగివచ్చును. దానిని కూడ ఫోనుకు కలుపుకొని, జాలరి తన భాషలోనే సందేశములు చదువుకొనవచ్చును.

ఈ మాటలు మన జిల్లాలకు దూరపు కథలు కావు. పెద్ద మరపడవలు నిలుచు రేవులు తమ ఊళ్ల చెంత లేనందున శ్రీకాకుళము, విజయనగరము జాలరులు ఎందరో గుజరాతులోని వేరావల్‌కు పోయి కూలికి వేటాడుచుండిరి. 2018 నవంబరులో అట్లు పోయినవారిలో ఇరువదికి మించిన మనుష్యులు పాకిస్తాను అధికారులకు పట్టుబడిరి. వారిలో 20 మంది 2020 జనవరి 6న వాఘా సరిహద్దున విడుదలై ఇండ్లకు చేరిరి. పదునాలుగు నెలలు ఆ ఊళ్ల ఆడవారు, పిల్లలు, ముసలివారు ఎట్లు గడిపిరో ఊహింపవచ్చును. నీటిమీద గీత కనిపించదు. 2024 ఆగస్టు 30న మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ఆరంభమైన జాతీయ పథకము క్రింద లక్ష పడవలకు అమర్చదలచిన ట్రాన్స్‌పాండర్లు, సముద్రపు సరిహద్దు సమీపించినప్పుడు హెచ్చరించుటకు కూడ ఉద్దేశించినవి. వానిలో వార్త రెండు వైపులకు నడుచును.

ఇన్ని పరికరములు వచ్చిన తరువాత పాతవానితో పనియేమి అని అడుగువారు ఉందురు. వారికి 2018 అక్టోబరు 11 తెల్లవారుజామును జ్ఞాపకము చేయుదుము. తిత్లీ తుఫాను పలాస సమీపమున తీరము దాటినది. గంటకు 140 కిలోమీటర్లకు మించిన గాలి ఉద్దానపు కొబ్బరి, జీడి తోటలను నేలమట్టము చేసెను. విద్యుత్తు కంబములు కూలెను. ఎన్నో ఊళ్లలో దినములతరబడి కరెంటు లేదు, ఫోనులు మూగవోయినవి. అట్టి వేళ బ్యాటరీతో నడుచు చిన్న రేడియోకు ఉన్న విలువ పెరుగునే గాని తరుగదు. పదునొకండవ సూచికను కల్పించినవారు చెప్పినదియు ఇదియే. ఒక దారి మూసికొనినప్పుడు రెండవది తెరచియుండవలెను. కొత్త పలకను చేర్చుచు పాత పలకలను మరల మరల పరీక్షించు ఇంజనీరు చేయు పనియు అదియే.

మిగిలిన నియమములు రెండు. వివరమును వ్రాసియుంచుట, పూచీపడుట. పరికరము పడవకు ఎక్కిన నాడు కొబ్బరికాయ కొట్టి ఫొటో తీయించుకొనుటతో పని ముగియదు. బ్యాటరీ ఎన్ని దినములు వచ్చును, ఉప్పుగాలికి తుప్పుపట్టిన గూటిని ఎవరు శుభ్రము చేయుదురు, ఫోను మార్చినప్పుడు దానిని మరల ఎవరు కలిపి యిత్తురు, ప్రోగ్రాము కొత్తది వచ్చినప్పుడు ఆ సంగతి బందరువానిపేటకు, ముక్కామునకు ఎవరు చెప్పుదురు? చిన్న తెప్పమీద, తడిచేతులతో, ఎండలో తెర కనిపించని వేళ ఆ పరికరము ఎట్లు పనిచేయును? ఈ ప్రశ్నలకు సమాధానము పలకమీద లేదు. ప్రతి పడవల రేవున, జాలరుల సంఘములో, ఈ పరికరములను తెలిసిన యువకుడు ఒకడు పూచీదారుగా ఉండవలెను. వ్రాసియుంచిన వివరము అతని చేతిలో, తెలుగులో, తేటగా ఉండవలెను. చూచువారు లేని పలకను వ్యవస్థనుండి తీసివేయుదురని పైన చెప్పితిమి. పడవమీద అయితే దానిని ఎవరును తీసివేయరు. అది మూలనుండి, తుఫాను రాత్రి మాత్రము పలుకకుండును. ఆ రెండవది మరింత ప్రమాదము.

తీరపు ఊళ్ల పాఠకులకు మా మనవి ఒకటే. ఇంటిలో వేటకు పోవువారున్నచో, వారి పడవమీది పరికరమును ఈ వారము ఒకమారు తెరచి చూడుడు. బ్యాటరీ నిండినదా, ఫోనుతో కలిసినదా, సందేశము తెలుగులో కనబడుచున్నదా అని పరీక్షింపుడు. చెడినచో ఎవరికి చెప్పవలెనో తెలిసికొని ఆ పేరును గోడమీద వ్రాసికొనుడు. వాయుగుండము పుట్టిన తరువాత వెదకుటకంటె, సముద్రము ప్రశాంతముగ ఉన్న దినముననే ఆ పని చేయుట మేలు.